ఉత్సవ వ్యయం, రాజ్య బాధ్యత: మద్రాసు రాజధానిలో ఆలయాల నుండి కంపెనీ ఉపసంహరణ (1801–1863), దాని వారసత్వం

వ్యాససంగ్రహం:

మతోత్సవాలకు ప్రభుత్వ ధనం వెచ్చించవచ్చునా అన్న చర్చ సాధారణంగా భారత రాజ్యాంగం 27వ అధికరణంతో మొదలవుతుంది. తెలుగు ప్రాంతాలలో ఈ ప్రశ్నకు అంతకంటే 150 ఏళ్ల పూర్వ చరిత్ర ఉంది. ఈస్టిండియా కంపెనీ ఆలయాల ఆదాయాన్ని తన లెక్కలలో కలుపుకొని ఉత్సవాలు జరిపించడం, 1833 తరువాత క్రైస్తవ వర్గాల ఒత్తిడితో వాటి నుండి తప్పుకోవడం, 1863 చట్టంతో ఆ ప్రక్రియను ముగించడం ఈ చరిత్రలోని ప్రధాన ఘట్టాలు. ఆనాటి విభజన అధికారులను ఆలయాల నుండి వేరు చేసిందే కాని, ఉత్సవ ధనం ప్రజలదా, దేవునిదా అన్న ప్రశ్నను తేల్చలేదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దేవదాయం, ఉత్సవ వ్యయం, తస్దీక్, 1817 రెగ్యులేషన్, 1863 చట్టం, తిరుమల, లౌకిక రాజ్యం, 27వ అధికరణం.

1. ఉపోద్ఘాతం:

మతానికీ రాజ్యానికీ నడుమ గోడ ఉండాలన్న ప్రసిద్ధ ఉపమానాన్ని అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1802 జనవరి 1న డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన ఉత్తరంలో వాడాడు. దానికి సుమారు 5 నెలల ముందు, 1801 జూలై 31న, ఆర్కాటు నవాబు అజీముద్దౌలాతో కుదిరిన ఒప్పందం ద్వారా కర్ణాటక రాజ్య పరిపాలన ఈస్టిండియా కంపెనీకి దక్కింది. దానితోపాటే తిరుమల ఆలయ నిర్వహణ కూడా కంపెనీ చేతికి వచ్చింది. అక్కడ గోడ కట్టాలన్న ఆలోచన రూపుకడుతున్న కాలంలోనే ఇక్కడ ఒక క్రైస్తవ దేశపు వర్తక సంస్థ వైష్ణవ క్షేత్రానికి పాలకురాలైంది.

ఈ రెండు సంఘటనలకూ ప్రత్యక్ష సంబంధం లేదు. అయితే అవి రెండు భిన్నమైన ప్రారంభాలను సూచిస్తాయి. అమెరికాలో ప్రశ్న పౌరుని అంతరాత్మ స్వేచ్ఛ చుట్టూ తిరిగింది. ఒక శాఖ బోధకుని జీతానికి మరొక శాఖకు చెందిన వ్యక్తి ఎందుకు పన్ను కట్టాలన్నది అక్కడి వివాదం. దక్షిణ భారతంలో సమస్య తలకిందులుగా ఉంది. ఇక్కడ ఆలయం రాజ్యం నుండి పొందడమే కాదు, రాజ్యమూ ఆలయం నుండి పొందుతోంది. అందువల్ల ఇక్కడి విభజన చరిత్రను అర్థం చేసుకోవడానికి సిద్ధాంత గ్రంథాలకంటే ముందు జమాఖర్చుల పద్ధతిని పరిశీలించవలసి ఉంటుంది.

2. తిరుమల: ఆలయ ఆదాయం, సర్కారు ఆదాయం:

విజయనగర కాలం నుండి తిరుమల ఉత్సవాలకు రాజులు, సామంతులు, వర్తకులు, ఆచార్యులు గ్రామాలనూ ధనాన్నీ సమర్పించారు. ఆ ధనంతో చెరువులు, కాలువలు బాగుచేసి, పెరిగిన పంట ఆదాయంతో నైవేద్యాలు, ఉత్సవాలు జరిపించే ఏర్పాటు శాసనాలలో పదేపదే కనిపిస్తుంది. దాత ఇచ్చినది ఒకసారి ఖర్చయ్యే సొమ్ము కాదు. ఏటేటా ఉత్సవాన్ని నడిపించే మూలధనం. ఈ అర్థంలో ఉత్సవానికి తనదైన ఆస్తి ఉంది.

నవాబుల కాలంలో ఈ సంబంధం మారింది. తిరుమల కానుకలు, ఆర్జిత సేవల రుసుములు ఇజారాకు ఇచ్చే ఆదాయ వనరులయ్యాయి. నవాబు కంపెనీకి చెల్లించవలసిన సొమ్ముకు ఈ ఆదాయం హామీగా మారింది. అంటే 1801కి ముందే తిరుమల హుండీకీ కంపెనీ యుద్ధ వ్యయానికీ సంబంధం ఏర్పడింది.

1801 తరువాత ఉత్తర ఆర్కాటు కలెక్టరు పర్యవేక్షణలో ఆలయ పాలన సాగింది. ఆలయంలో ఏయే సేవలు జరుగుతాయి, వాటికి ఎంత బియ్యం, నెయ్యి, చందనం కావాలి, ఎవరికి ఏ హక్కు ఉంది అన్న వివరాలను అధికారులు ప్రశ్నోత్తర రూపంలో సేకరించారు. సవాల్ జవాబ్ పట్టి, కైంకర్య పట్టి, పైమాయిషీ లెక్కలు ఈ ప్రయత్నానికి ఫలితాలు. 1821లో రూపొందిన బ్రూస్ నిబంధనావళి ఈ ఆచారాలను పాలనా నియమాలుగా స్థిరపరచింది. ప్రతి ఉత్సవానికీ దిట్టం ఏర్పడింది. దిట్టం ప్రకారం ఖర్చు పోగా మిగిలిన ఆదాయం సర్కారు ఖజానాకు చేరేది.

ఈ ఏర్పాటును రెండు విధాలుగా చదవవచ్చు. కలెక్టరు దృష్టిలో బ్రహ్మోత్సవం సవ్యంగా జరగడం భక్తుల రాకకు, తద్వారా ఆదాయానికి అవసరం. భక్తుని దృష్టిలో దేశమేలే ప్రభువు ఆచారం చెడకుండా కాపాడడం రాజధర్మం. ఒకే వ్యయం ఒకరికి పెట్టుబడి, మరొకరికి కైంకర్యం. ఈ రెండు అర్థాలూ చాలాకాలం ఘర్షణ లేకుండా కలిసి సాగాయి.

3. 1817 రెగ్యులేషన్, తస్దీక్ పద్ధతి:

తిరుమల ప్రత్యేక సందర్భం. మిగిలిన ఆలయాల విషయంలో మద్రాసు ప్రభుత్వం 1817లో 7వ రెగ్యులేషన్ తెచ్చింది. ఆలయాలు, మసీదులు, విద్యాస్థానాలు, సత్రాలు, వంతెనలు మొదలైన వాటికి ఇచ్చిన భూముల ఆదాయం దాతల ఉద్దేశం ప్రకారమే వినియోగమయ్యేటట్లు చూడడం దీని లక్ష్యం. పర్యవేక్షణ రెవెన్యూ బోర్డుకు అప్పగించారు. ఆలయం, వంతెన ఒకే చట్టంలో చేరడం గమనార్హం. ఆనాటి శాసనకర్తల దృష్టిలో రెండూ ప్రజోపయోగ ధర్మాలే.

అంతకుముందే పలుచోట్ల ఆలయ మాన్యాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకొని, వాటికి బదులుగా ఏటా నిర్ణీత నగదు చెల్లించే పద్ధతి మొదలైంది. ఈ చెల్లింపును తస్దీక్ అన్నారు. ఈ మార్పు చిన్నదిగా కనిపించినా దాని పర్యవసానాలు దీర్ఘమైనవి. భూమి ఆలయం చేతిలో ఉన్నప్పుడు దాని పంట ఆలయం సొంత ఆదాయం. భూమి సర్కారుకు చేరి, సర్కారు నుండి నగదు వచ్చినప్పుడు అదే ఆదాయం ప్రభుత్వ వితరణగా కనిపిస్తుంది. పైగా పంట విలువ కాలక్రమంలో పెరుగుతుంది. నిర్ణీత నగదు పెరగదు. ఆలయం నష్టపోయింది, అయినా లెక్కల పుస్తకంలో ప్రభుత్వమే దాతగా నిలిచింది.

ఇంచుమించు ఇదే కాలంలో తిరువాన్కూరులో రెసిడెంటుగా, దివానుగా పనిచేసిన కర్నల్ జాన్ మన్రో వందలాది ఆలయాల ఆస్తులను సంస్థాన ప్రభుత్వంలో కలిపాడు. ఆ చర్య ప్రభావం స్వతంత్ర భారత రాజ్యాంగం వరకు సాగింది. దాని ప్రస్తావన ముందు వస్తుంది.

4. రథం తాళ్లు, ఫిరంగి వందనాలు: వ్యతిరేకత స్వరూపం:

కంపెనీ పాత్ర ధన నిర్వహణతో ఆగలేదు. పండుగలకు ఫిరంగులతో వందనం, సైనిక వాద్యాలు, ఊరేగింపుల వెంట సిపాయిల కవాతు ఆనవాయితీగా ఉండేవి. కాంచీపురం ఆలయాల ఉత్సవాల పునరుద్ధరణలో 1790లలో కలెక్టరు లయొనెల్ ప్లేస్ చూపిన శ్రద్ధ ప్రసిద్ధం. పెద్ద తేర్లను లాగడానికి చుట్టుపక్కల గ్రామాల నుండి మనుషులను రప్పించే పనిలో రెవెన్యూ అధికారుల ఆజ్ఞలు పనిచేసేవి. తేరు లాగడం కొందరికి పుణ్యకార్యం. తహసీల్దారు మనిషి వచ్చి పిలిచినప్పుడు పొలం పని వదిలి వెళ్లవలసిన కూలికి అది వెట్టి. ఉత్సవ వ్యయాన్ని రూపాయలలో మాత్రమే లెక్కిస్తే ఈ శ్రమ లెక్కలోకి రాదు.

క్రైస్తవ వర్గాల నుండి ఈ పద్ధతికి వ్యతిరేకత వచ్చింది. పూరీ జగన్నాథ క్షేత్రంలో 1806లో కంపెనీ విధించిన యాత్రా పన్నుపై జేమ్స్ పెగ్స్ వంటి బాప్టిస్టు మిషనరీలు ఇంగ్లండులో ప్రచారం సాగించారు. 1833 ఫిబ్రవరిలో డైరెక్టర్ల సభ పంపిన ఉత్తర్వు ఈ ప్రచారానికి ఫలితం. బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడు చార్లెస్ గ్రాంట్ ప్రేరణతో వెలువడిన ఈ ఉత్తర్వు యాత్రా పన్నులను రద్దు చేయాలనీ, ఆలయాల అంతరంగిక నిర్వహణ నుండి, ఉత్సవాల నుండి అధికారులు తప్పుకోవాలనీ నిర్దేశించింది.

మద్రాసు ప్రభుత్వం దీన్ని వెంటనే అమలు చేయలేదు. 1836లో బిషప్ డేనియల్ కోరీ ద్వారా మద్రాసు క్రైస్తవులు ఒక విజ్ఞాపన సమర్పించారు. క్రైస్తవ సైనికులను, ఉద్యోగులను విగ్రహారాధన ఉత్సవాలలో విధిగా పాల్గొనేలా చేయరాదన్నది వారి ప్రధానమైన కోరిక. ప్రభుత్వం ఆ విజ్ఞాపనను తిరస్కరించింది. మద్రాసు సైన్యాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్‌లండ్ ఈ విషయంలోనే 1838లో పదవికి రాజీనామా చేశాడు. ఆ తరువాతే లండన్ నుండి కచ్చితమైన ఆదేశాలు వచ్చాయి. అలహాబాదు, గయ, పూరీలలో యాత్రా పన్నును 1840 నాటి 10వ చట్టం రద్దు చేసింది.

ఈ ఉద్యమ స్వభావాన్ని జాగ్రత్తగా అంచనా వేయాలి. ఇష్టంలేని సైనికుని ఊరేగింపుకు పంపరాదన్న వాదన అంతరాత్మ స్వేచ్ఛకు సంబంధించినదే. కాని దాని పరిధి పరిమితం. తేరు లాగే కూలి విముక్తి ఆ వాదన వల్ల కలిగిన మేలు. దాని ప్రధాన లక్ష్యం క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనతో మలినపడకుండా ఉండడం. మతాలన్నింటినీ సమాన దూరంలో ఉంచాలన్న ఆలోచన అందులో లేదు. కంపెనీ తన ఖజానా నుండి ఆంగ్లికన్ బిషప్పులకు, చాప్లిన్లకు జీతాలిచ్చే ఏర్పాటు ఈ కాలమంతటా కొనసాగింది. ఆలయం నుండి తప్పుకున్న రాజ్యం చర్చి నుండి తప్పుకోలేదు.

5. ఉపసంహరణ: ధనం ఒకచోట, జవాబుదారీ మరొకచోట:

1841–43 మధ్య మద్రాసు రాజధానిలో ఆలయాల నిర్వహణను కలెక్టర్లు ధర్మకర్తలకు, మఠాధిపతులకు, జమీందారులకు అప్పగించారు. తిరుమల నిర్వహణ 1843లో హథీరాంజీ మఠం మహంతులకు చేరింది. కొన్నిచోట్ల ఆలయ వర్గాలు ఈ ఉపసంహరణను వ్యతిరేకించాయి. రాజు రక్షణ లేని ధర్మం నిలవదన్నది వారి నమ్మకం. ఆస్తులను తీసుకున్న ప్రభుత్వం బాధ్యతను వదిలించుకోవడం న్యాయం కాదన్నది వారి అభ్యంతరంలోని బలమైన భాగం.

ఈ అభ్యంతరానికి ఆధారం ఉంది. 1817 రెగ్యులేషన్ 1863 వరకు రద్దు కాలేదు. చట్టప్రకారం పర్యవేక్షణ బాధ్యత రెవెన్యూ బోర్డుదే. ఆచరణలో పర్యవేక్షించరాదన్న ఆదేశం అమలులో ఉంది. సుమారు 20 ఏళ్లపాటు చట్టం ఒకవైపు, విధానం మరొకవైపు సాగాయి. ధర్మకర్త భూములను అన్యాక్రాంతం చేసినా, ఉత్సవాల సొమ్ము సొంతానికి వాడుకున్నా, అడగవలసిన అధికారి అడగలేని స్థితి ఏర్పడింది.

1858 నవంబరు 1 నాటి విక్టోరియా రాణి ప్రకటన మత విషయాలలో జోక్యం చేసుకోబోమని హామీ ఇచ్చింది. దానికి అనుగుణంగా 1863లో 20వ చట్టం వచ్చింది. బెంగాల్, మద్రాసు రెగ్యులేషన్లలోని దేవాదాయ సంబంధమైన భాగాలు రద్దయ్యాయి. ప్రభుత్వ అజమాయిషీలో ఉండిన ఆలయాలకు స్థానిక కమిటీలను నియమించారు. కమిటీ సభ్యుని పదవి జీవితకాలం. సభ్యులపై, ధర్మకర్తలపై ఫిర్యాదు ఉంటే భక్తులు జిల్లా కోర్టుకు వెళ్లాలి. ఇకపై ప్రభుత్వాధికారులు ఆలయ ఆస్తులను తమ అధీనంలో ఉంచుకోరాదని 22వ సెక్షన్ నిర్దేశించింది.

చట్ట భాషలో ఇది సంపూర్ణ విభజన. వాస్తవంలో మూడు బంధాలు తెగలేదు. మొదటిది తస్దీక్. స్వాధీనమైన భూములకు బదులుగా ప్రభుత్వ నగదు చెల్లింపులు కొనసాగాయి. రెండవది ఇనాం. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ దేవదాయ మాన్యాలను పరిశీలించి ధ్రువీకరించింది. ఏది చెల్లుబాటయ్యే మాన్యమో నిర్ణయించే అధికారం ప్రభుత్వానిదే. మూడవది న్యాయస్థానం. ఉత్సవంలో ఎవరికి ముందు తీర్థం ఇవ్వాలి, ఏ నామం పెట్టాలి అన్న వివాదాలు కలెక్టరు కచేరీ నుండి కోర్టుకు మారాయి. రాజ్యం ఆలయ ద్వారం దాటి బయటికి వచ్చింది కాని వీధిని వదిలిపోలేదు.

ఈ దశలో నష్టపోయినవారు సాధారణ భక్తులు, ఆలయ భూముల రైతులు. దావా ఖర్చు భరించగలవారికే 1863 చట్టం ఉపయోగపడింది. తక్కినవారికి లెక్క అడిగే మార్గం మూసుకుపోయింది.

6. పునఃప్రవేశం: 1925 నుండి రాజ్యాంగం వరకు:

1919 సంస్కరణలతో దేవాదాయ విషయం శాసనసభకు జవాబుదారీ అయిన మంత్రుల పరిధిలోకి వచ్చింది. క్రైస్తవ ప్రభుత్వం హిందూ ఆలయాన్ని పాలించడమన్న పాత అభ్యంతరం బలహీనపడింది. జస్టిస్ పార్టీ ప్రధానమంత్రి, పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు నాయకత్వంలో మద్రాసు హిందూ దేవాదాయ చట్టం 1925లో వచ్చి, 1927లో పునఃశాసనమైంది. ఎస్. సత్యమూర్తి వంటివారు శాసనసభలో దీన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. మత స్వాతంత్ర్యంలో ప్రభుత్వ జోక్యమని వ్యతిరేకులు, ప్రజల ధర్మనిధికి రక్షణ అని సమర్థకులు వాదించారు. తిరుమలకు ప్రత్యేక చట్టం రావడంతో 1933లో మహంతుల పాలన ముగిసింది.

రాజ్యాంగం 27వ అధికరణం ఒక ప్రత్యేక మతాభివృద్ధికి నిర్దిష్టంగా కేటాయించిన పన్నును చెల్లించమని ఎవరినీ నిర్బంధించరాదంటుంది. దీనికి తొలి పరీక్షలలో ఒకటి 1954 నాటి శిరూరు మఠం కేసు. 1951 మద్రాసు చట్టం కింద ఆలయాలు, మఠాలు చెల్లించవలసిన వార్షిక చందా రుసుము కాదు, పన్ను అని సుప్రీంకోర్టు నిర్ణయించి, అటువంటి పన్ను విధించే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని కొట్టివేసింది. అయితే ఆ ధనం ధర్మసంస్థల లౌకిక పాలనకే గనుక 27వ అధికరణానికి విరుద్ధం కాదన్నది. మత ప్రచారం వేరు, మత సంస్థల లెక్కల పర్యవేక్షణ వేరన్న ఈ విభజన రేఖ 1817 రెగ్యులేషన్ వెతికిన రేఖకు దగ్గరగా ఉంది.

ఈ సందర్భంలోనే తిరువాన్కూరు ప్రస్తావన మళ్లీ వస్తుంది. 1956లో 7వ సవరణ ద్వారా చేరిన 290ఎ అధికరణం కేరళ సంచిత నిధి నుండి తిరువాన్కూరు దేవస్వం నిధికి ఏటా 46,50,000 రూపాయలు, మద్రాసు నిధి నుండి తమ ప్రాంతంలో చేరిన ఆలయాలకు 13,50,000 రూపాయలు చెల్లించాలని నిర్దేశించింది. లౌకిక రాజ్యాంగంలో ఆలయాలకు నేరుగా చెల్లింపు వైరుధ్యంగా కనిపిస్తుంది. మన్రో కాలంలో ప్రభుత్వంలో కలిసిన ఆలయ భూములను గుర్తుచేసుకుంటే అది దానం కాదు, పాత బాకీ వంటిదని తెలుస్తుంది. చరిత్ర తెలియకపోతే బాకీ బహుమానంగా, బహుమానం బాకీగా చెల్లుబాటు కాగలవు.

7. రెండు వారసత్వాల కలయిక: తెలుగు రాష్ట్రాలు:

తెలంగాణ చరిత్ర మరొక దారిలో నడిచింది. హైదరాబాదు సంస్థానంలో మత వ్యవహారాలకు ఉమూరె మజహబీ అనే శాఖ ఉండేది. మసీదులు, ఆషూర్‌ఖానాలతోపాటు ఆలయాలకూ ప్రభుత్వ సాయం ఉండేది. అక్కడ విభజన నటన లేదు. పాలకుని పోషణ బహిరంగం. భద్రాచలం కల్యాణానికి తానీషా కాలం నుండి వస్తున్నదని జనం చెప్పుకొనే ముత్యాల తలంబ్రాల సంప్రదాయం ఈ పోషణకు ప్రతీక. ముస్లిం ప్రభువు హిందూ దేవుని పెండ్లికి కానుక పంపడం సామరస్యమే. అయినా అది ప్రభువు ఇష్టం, పౌరుని హక్కు కాదు.

1956 తరువాత ఈ రెండు వారసత్వాలు ఒక రాష్ట్రంలో కలిశాయి. ఆంధ్ర ప్రాంతంలో 1951 మద్రాసు చట్టం, తెలంగాణలో 1349 ఫసలీ నాటి హైదరాబాదు దేవాదాయ నిబంధనలు అమలులో ఉండేవి. 1966 చట్టం రెండింటి స్థానంలో వచ్చింది. దాని స్థానంలో 1987 చట్టం వచ్చింది. చట్టం మద్రాసు బాటలో పర్యవేక్షణ స్వభావం పొందింది. వేడుకలలో హైదరాబాదు బాటలోని పోషణ స్వభావం నిలిచింది. ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు సమర్పించే ఆచారంలో ఆ పాత ప్రభువు రూపం నేటికీ కనిపిస్తుంది. 2014 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ, బోనాలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి అధికారిక ఉత్సవాలకు ఒంటిమిట్టను ఎంచుకుంది. వీటిలో మతంతోపాటు ప్రాంతీయ అస్తిత్వ ప్రకటన కూడా ఉంది. పండుగ మతానిదా, సంస్కృతిదా అన్న ప్రశ్నకు ఇక్కడ ఒకే సమాధానం రాదు.

న్యాయస్థానాలు కూడా సంపూర్ణ నిషేధాన్ని సమర్థించలేదు. హజ్ రాయితీపై 2011లో ప్రఫుల్ల గొరాడియా కేసులో సుప్రీంకోర్టు, ఒక పన్ను ఆదాయంలో గణనీయమైన భాగం ఒక మతానికి వెళితేనే 27వ అధికరణం ఉల్లంఘనకు గురవుతుందని చెప్పింది. 2012లో మరొక కేసులో ఆ రాయితీని 10 ఏళ్లలో క్రమంగా తొలగించాలని ఆదేశించింది. 2018లో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. గణనీయమైన భాగం అన్న కొలత ప్రశ్నను పరిమాణానికి కుదించింది. పరిమాణం ఎంతైనా, ధనం మూలమేది అన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఉత్సవంలో ప్రభుత్వ వ్యయమంతా ఒకే జాతికి చెందినది కాదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరంలో జరిగిన తొక్కిసలాటలో 27 మంది మరణించారు. లక్షల మంది చేరే చోట తాగునీరు, వైద్యం, రద్దీ నియంత్రణలకు ఖర్చు పెట్టడం మతపోషణ కాదు, ప్రాణరక్షణ. ఆ బాధ్యత నుండి ఏ లౌకిక రాజ్యమూ తప్పుకోజాలదు. అదే బడ్జెట్ నుండి పూజాద్రవ్యాలకు, ఆభరణాలకు వెచ్చించడం వేరొక వ్యయం. రెండింటినీ ఏర్పాట్లు అన్న ఒకే పద్దు కింద రాసినప్పుడు మొదటి దాని న్యాయబలం రెండవ దానికి అరువు దొరుకుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన నుండి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. మద్రాసు రాజధానిలో ఉత్సవాల నుండి ప్రభుత్వ ఉపసంహరణ పన్ను చెల్లింపుదారుల హక్కుగా మొదలుకాలేదు. అది పాలకుల మత మనస్సాక్షి నుండి పుట్టింది. అందువల్లనే చర్చికి ప్రభుత్వ ధనం ఇవ్వడాన్ని అది ప్రశ్నించలేదు.

2. తస్దీక్ వంటి పద్ధతులు ఆలయం సొంత ఆదాయాన్ని ప్రభుత్వ వితరణగా మార్చి చూపాయి. ఉత్సవ ధనం ఎవరిదన్న నేటి గందరగోళానికి మూలం అక్కడ ఉంది.

3. 1843–1925 మధ్య అనుభవం మరొక పాఠం చెబుతుంది. రాజ్యం తప్పుకోవడం దానంతట అదే స్వేచ్ఛ కాదు. లెక్క అడిగే మార్గం లేని చోట ప్రభుత్వ అధికారం స్థానంలో ధర్మకర్త అధికారం వచ్చింది.

4. ఆంధ్ర ప్రాంతపు పర్యవేక్షణ వారసత్వం, తెలంగాణ పోషణ వారసత్వం నేటి తెలుగు రాష్ట్రాల విధానాలలో కలగలిసి ఉన్నాయి. వాటిని విడివిడిగా గుర్తించకుండా చేసే విమర్శగాని సమర్థనగాని అసంపూర్ణం.

5. ఏ ఉత్సవ వ్యయాన్నయినా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఆ ధనం ఆలయానిదా, పన్నుదా? అది ఆరాధనకా, ఆరాధకుల క్షేమానికా? దాని లెక్క అడిగే హక్కు ఎవరికి ఉంది? మొదటి రెండు ప్రశ్నలు కోర్టులలో తరచు వినిపిస్తాయి. వెట్టికి తేరు లాగిన కూలికీ, దావా ఖర్చు భరించలేని భక్తునికీ అవసరమైనది మూడవది. ఆ ప్రశ్నకు సమాధానం దొరికినప్పుడే మత–రాజ్య విభజన పాలకుల సౌకర్యం నుండి పౌరుల హక్కుగా మారుతుంది.